సర్జరీ వార్డు ఏడాది ఆడిట్: మూడు రిజిస్టర్లు, మూడు లెక్కలు. ఏది నమ్మాలి?

పీజీ_మూడో_ఏడు:

నమస్తే అందరికీ. నేను జనరల్ సర్జరీ ఫైనల్ ఇయర్ పీజీ, ఒక జిల్లా కేంద్రంలో ఉన్న గవర్నమెంట్ టీచింగ్ హాస్పిటల్‌లో. పోయిన ఏడాది మొత్తానికి సర్జరీ వార్డు ఆడిట్ తీయమని మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) మేడమ్ చెప్పారు. ఎంతమంది చేరారు, ఏ జబ్బుతో చేరారు, ఆపరేషన్ అయిందా లేదా, చివరికి ఏమయ్యారు, ఇదంతా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చూపించాలి.

సమస్య ఏంటంటే నా దగ్గర మూడు లెక్కలున్నాయి, ఏ రెండూ కలవట్లేదు. వార్డులో సిస్టర్లు రాసే అడ్మిషన్ రిజిస్టర్ ఒకటి, ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్ ఒకటి, మెడికల్ రికార్డ్స్ వాళ్ళు కంప్యూటర్‌లోంచి తీసిచ్చిన లిస్టు ఒకటి. ఓటీలో ఉన్న పేరు వార్డులో దొరకదు, వార్డులో డిశ్చార్జ్ అని రాసిన మనిషి కంప్యూటర్ ప్రకారం ఇంకా మంచం మీదే ఉంటాడు.

ఇక డౌట్లు. అపెండిక్స్ నొప్పితో వచ్చి, యాంటీబయాటిక్స్‌తో తగ్గి ఇంటికెళ్ళి, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాయన్ని ఒకడిగా లెక్కేయాలా, ఇద్దరిగానా? షుగర్ వల్ల కాలు పుండుపడ్డవాళ్ళు మెడిసిన్ వార్డుకీ మా వార్డుకీ మధ్య తిరుగుతూనే ఉంటారు, వాళ్ళని ఎవరి ఖాతాలో వేయాలి? అన్నిటికంటే తలనొప్పి లామా కేసులు, అంటే డాక్టర్ వద్దన్నా వినకుండా వెళ్ళిపోయేవాళ్ళు. పేగుకి చిల్లు పడి, ఆపరేషన్ అయ్యి, వెంటిలేటర్ మీదున్న మనిషిని ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టి తీసుకెళ్ళిపోతారు. రిజిస్టర్‌లో 'లామా' అని ఒక్క ముక్క ఉంటుంది. బతికాడా పోయాడా ఎవరికి తెలుసు?

ఇంకోటి కూడా ఉంది. యూనిట్ల (వార్డులో డాక్టర్ల జట్లు) వారీగా తీస్తే మా యూనిట్‌లోనే చావులు ఎక్కువ కనిపిస్తున్నాయి. మా డ్యూటీ శనివారం, ఆ రాత్రి తాగి బండ్ల మీదనుంచి పడ్డవాళ్ళూ, కత్తిపోట్లూ అన్నీ మాకే. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు యూనిట్ల పట్టిక అసలు పెట్టొద్దంటున్నారు, ఇంకొకరు పెట్టు, తేలనీ అంటున్నారు, మధ్యలో నలిగేది నేను. ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలా, ఎక్సెల్‌లో ఏ కాలమ్స్ పెట్టాలి, ఇదివరకు చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. పరీక్షలు కూడా దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.


పాతకాలపు_సర్జన్:

బాబూ (అమ్మాయివైతే అమ్మా), వార్డు మొత్తం ఏడాదికి తీస్తే నీకు దొరికేది జాబితా, ఆడిట్ కాదు. హెర్నియాలు ఇన్ని, హైడ్రోసీల్స్ ఇన్ని, గడ్డలు కోసినవి ఇన్ని అని రంగురంగుల చక్రం గీసి చూపిస్తావు, అందరూ బాగుందంటారు, టీ తాగుతారు, మర్నాడు వార్డు మామూలే. ఆడిట్ అన్నప్పుడు ముందు 'ఇది ఇలా జరగాలి' అని ఒక గీత గీసుకోవాలి, మనం దానికి ఎంత దూరంలో ఉన్నామో కొలవాలి, ఏదో ఒకటి మార్చాలి, మళ్ళీ కొలవాలి. ఆ రెండోసారి కొలిచేవాళ్ళే దొరకరు, అప్పటికి పీజీ పాసై వెళ్ళిపోతాడు కాబట్టి. అందుకే నీ జూనియర్‌ని ఒకరిని ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకో.

మీ మేడమ్ అడిగిన మొత్తం లెక్క ఒక్క పేజీలో ఇచ్చెయ్. దాని తర్వాత రెండే రెండు విషయాలు లోతుగా తియ్. నన్నడిగితే ఒకటి ఎమర్జెన్సీగా పొట్ట తెరిచిన కేసులు, అంటే పర్ఫొరేషన్ (చిల్లు పడటం), అబ్‌స్ట్రక్షన్ (పేగు మూసుకుపోవడం), పొట్టకి తగిలిన దెబ్బలు. ఎందుకంటే మన దగ్గర చావులు ఎక్కువగా ఉండేది అక్కడే, మార్చగలిగేదీ అక్కడే. రెండోది ప్లాన్ చేసి చేసే హెర్నియా, ఆపరేషన్‌కి ముందు ఎన్ని రోజులు మంచం మీద ఉన్నాడన్నది.

ఈ రెండోదాన్ని చిన్నచూపు చూడకు. సోమవారం హెర్నియాకి చేరతాడు, షుగర్ టెస్ట్ ఒకరోజు, ఈసీజీ ఒకరోజు, మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ ఇంకోరోజు, ఈలోపు ఓటీ డే దాటిపోతుంది, మళ్ళీ వచ్చే వారం. ఆ కూలీ మనిషికీ, కూడా ఉన్న భార్యకీ వారం పని పోతుంది, అదే మంచం కోసం క్యాజువాలిటీలో ఇంకొకడు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటాడు. సగటు స్టే అని ఒకే అంకె చెప్తే ఇదంతా దాక్కుంటుంది. ఆపరేషన్ ముందు రోజులు, తర్వాత రోజులు విడగొట్టి చూపించు, మీ మేడమ్ అనస్తీషియా హెచ్‌ఓడీతో మాట్లాడటానికి చేతిలో ఆధారం ఉంటుంది.

లెక్క సంగతి. ఒక అడ్మిషన్ ఒక వరుస. మనిషి కాదు, అడ్మిషన్. అపెండిక్స్ ఆయన రెండు వరుసలు, కానీ రెండింటినీ కలిపే ఒక సొంత నంబర్ ఇవ్వు, అప్పుడు 30 రోజుల్లో మళ్ళీ చేరినవాళ్ళెవరో తెలుస్తుంది. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా చేరినవాళ్ళని తీసుకో, డిశ్చార్జ్ తేదీతో కాదు చేరిన తేదీతో. డిసెంబర్ ఆఖర్లో చేరి జనవరిలో పోయినవాడు నీ లెక్కలోకి వస్తాడు, వదిలేయకు. వార్డు మారి వచ్చినవాళ్ళకి ఎక్కడినుంచి వచ్చారు, ఏ తేదీన వచ్చారు అని రెండు కాలమ్స్ పెడితే ఎవరి ఖాతా అన్న గొడవ సగం తగ్గుతుంది.

బోస్టన్‌లో కాడ్‌మన్ అని ఒక సర్జన్ ఉండేవాడు. ప్రతి పేషెంట్‌కీ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత మళ్ళీ పిలిచి చూసి, ఆపరేషన్ ఫలించిందా, ఫలించకపోతే ఎందుకు అని రాయాలనేవాడు. పెద్ద హాస్పిటల్‌లో ఆయన మాట చెల్లలేదు. 1911లో సొంతంగా చిన్న ఆస్పత్రి పెట్టి, 1916 దాకా డిశ్చార్జ్ అయిన 337 మందికి సంబంధించి 123 పొరపాట్లు తన డబ్బుతోనే అచ్చు వేయించాడు. తోటి డాక్టర్లకి ఆయనంటే పడేది కాదు, అది వేరే చెప్పక్కర్లేదు.


వార్డ్_సిస్టర్:

డాక్టర్ గారూ, నేను సర్జికల్ వార్డులో ఇన్‌చార్జ్ స్టాఫ్ నర్సుని, వేరే ఊరు. రిజిస్టర్లు ఎందుకు కలవవో నేను చెప్తాను, ఇది పుస్తకాల్లో ఉండదు.

మా అడ్మిషన్ రిజిస్టర్‌లో మనిషి వార్డులోకి వచ్చినప్పుడు పేరు ఎక్కుతుంది. క్యాజువాలిటీ నుంచి నేరుగా ఓటీకి, ఓటీ నుంచి నేరుగా ఐసీయూకి వెళ్ళినవాళ్ళు మా వార్డు గడప తొక్కరు, మా రిజిస్టర్‌లో ఉండరు. మీకు బాగా సీరియస్ కేసులు వాళ్ళే. అలాగే మా దగ్గరనుంచి ఐసీయూకి పంపిన మనిషికి మేం 'ట్రాన్స్‌ఫర్ అవుట్' అని రాస్తాం, మాకు అక్కడితో అయిపోయింది. ఆయన ఐసీయూలో పోతే చావు ఐసీయూ పుస్తకంలో పడుతుంది. కాబట్టి ఒక్క వార్డు రిజిస్టర్ పట్టుకుని సర్జరీలో చావులు లెక్కేస్తే చాలా తక్కువ వస్తాయి, అది చూసి సంతోషపడొద్దు. ఐసీయూ రిజిస్టర్, డెత్ రిజిస్టర్ రెండూ తెప్పించుకోండి.

ఓటీ కూడా ఒక పుస్తకం కాదు. మేజర్ ఓటీకి ఒకటి, ఎమర్జెన్సీ ఓటీకి ఒకటి, మైనర్ ఓటీకి ఇంకోటి ఉంటుంది. షుగర్ కాలు కేసుకి మూడు సార్లు డెబ్రిడ్‌మెంట్ (కుళ్ళిన భాగం తీసేయడం) చేసి, తర్వాత వేలు తీసి, చివరికి మోకాలి కింద తీస్తే ఐదు ఎంట్రీలు, మనిషి ఒక్కడే. ఐపీ నంబర్‌తో (చేరినప్పుడు ఇచ్చే నంబర్) వెతకండి, పేరుతో వెతక్కండి. మా వైపు వెంకటేశ్వర్లు, నాగమణి అని వెతికితే పేజీకి ఒకరు దొరుకుతారు.

అర్ధరాత్రి గొడవ ఒకటుంది. సెన్సస్ (వార్డులో ఎంతమంది ఉన్నారన్న లెక్క) మేం రాత్రి 12 గంటలకి వేస్తాం. పదకొండున్నరకి క్యాజువాలిటీలో చూసిన కేసుకి ఐపీ చీటీ పన్నెండు దాటాక వస్తే కంప్యూటర్‌లో మర్నాటి తేదీ పడుతుంది. డ్యూటీ యూనిట్ మాత్రం ముందురోజుదే. యూనిట్ల వారీగా తీసేటప్పుడు తేదీని బట్టి యూనిట్ వేయకండి, కేస్ షీట్ మీద రాసిన యూనిట్ చూడండి.

కేస్ షీట్లు దొరక్కపోతే మూడు చోట్ల వెతకండి. యాక్సిడెంట్, కొట్లాట కేసులైతే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) కాబట్టి విడిగా బీరువాలో ఉంటాయి. ఆరోగ్యశ్రీ కింద చేసినవి క్లెయిమ్ పని అయ్యేదాకా ఆ కౌంటర్‌లో ఉండొచ్చు. మూడోది, చెప్తే కోపం రాకూడదు, పీజీల రూముల్లో. థీసిస్ కోసం అని తీసుకెళ్ళి తిరిగి ఇవ్వరు.

లామా అని రాసినవాళ్ళంతా ఒకటి కాదు. డబ్బు కట్టగలిగి ప్రైవేటుకి వెళ్ళేవాళ్ళుంటారు, కోలుకున్నాక డిశ్చార్జ్ చీటీ కోసం ఆగలేక పొలం పనికి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, ఇక ఆశ లేదని తెలిసి ఊపిరుండగానే ఇంటికి చేర్చుకోవాలని తీసుకెళ్ళేవాళ్ళుంటారు. ఊరు దాటి శవాన్ని తీసుకెళ్ళాలంటే బండి ఖర్చు, పోస్ట్‌మార్టం అంటారేమోనన్న భయం, గడపలో ప్రాణం పోవాలన్న పట్టింపు. మా నర్సుల నోట్స్ చదివితే ఏ రకమో తెలుస్తుంది, బీపీ ఎంత ఉంది, ఆక్సిజన్‌తో వెళ్ళారా, నడిచి వెళ్ళారా మేం రాస్తాం. డాక్టర్ల నోట్స్‌లో మాత్రం 'లామా, రిస్క్ ఎక్స్‌ప్లెయిన్డ్' అనే ఉంటుంది.


ఎస్‌పీఎం_లెక్కలు:

సిస్టర్ గారు చెప్పింది ప్రింట్ తీసి గోడకి అంటించండి, నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో ఉంటాను, ప్రతి ఏడాదీ పీజీలు తెచ్చే డేటా చూసి ఏడుస్తుంటాను, సగం ఏడుపుకి కారణం అక్కడే ఉంది.

లామాని ఎలా చూపించాలంటే, ఒక్క అంకెతో చూపించకండి. ఉదాహరణకి పర్ఫొరేషన్ కేసులు 40 ఉన్నాయనుకోండి. 4 హాస్పిటల్‌లో చనిపోయారు, ఇంకో 4 సీరియస్‌గా ఉండగా లామా వెళ్ళారు. లామా వాళ్ళంతా బతికారనుకుంటే మరణాలు 10 శాతం, అందరూ పోయారనుకుంటే 20 శాతం. నిజం ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంది. చాలామంది లామాని లెక్కలోంచి తీసేసి 36లో 4 అని 11 శాతం రాస్తారు, చూడటానికి నీట్‌గా ఉంటుంది, కానీ అందరికంటే సీరియస్‌గా ఉన్నవాళ్ళనే తీసేసినట్టు. రెండు అంకెలూ పెట్టండి, మధ్య దూరం ఎంతుంటే మీ వార్డు రికార్డు అంత బలహీనం.

చిన్న సంఖ్యల గురించి కూడా. ఒక యూనిట్ వాళ్ళు 30 ఆపరేషన్లు చేసి ఒక్కరూ చనిపోలేదంటే, చావు రేటు సున్నా అని కాదు అర్థం. ఒక మోటు సూత్రం ఉంది, ఏ ఘటనా జరగనప్పుడు 3ని మొత్తం కేసులతో భాగించండి, నిజమైన రేటు అంతవరకూ ఉండే అవకాశం ఉంది. 30 కేసులకి అది 10 శాతం! కాబట్టి మీ యూనిట్‌లో 3, పక్క యూనిట్‌లో 1 అని చూసి ఎవరూ మీసం మెలేయక్కర్లేదు, తల దించుకోనక్కర్లేదు.

యూనిట్ల పట్టిక పెట్టాలా అన్న ప్రశ్నకి నా జవాబు: కేసుల తీవ్రత సరిచేయకుండా పెట్టొద్దు. దానికి పీ-పోసమ్ స్కోర్ ఉంది, శరీర స్థితికి 12 అంశాలు, ఆపరేషన్‌కి 6, మొత్తం 18. కానీ పాత కేస్ షీట్ల నుంచి తీస్తే సోడియం, పొటాషియం, కొన్నిసార్లు యూరియా కూడా దొరకవు, దొరకనివి నార్మల్ అనుకుని వేస్తే సీరియస్ పేషెంట్ కాగితం మీద ఆరోగ్యవంతుడైపోతాడు. వెనక్కి చూసి చేసే ఆడిట్‌కి సింపుల్‌గా వయసు, ఎమర్జెన్సీనా కాదా, మత్తు డాక్టర్ రాసిన ఏఎస్‌ఏ గ్రేడ్ (ఆపరేషన్ ముందు ఒంటి పరిస్థితి), వచ్చినప్పుడు బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) తీసుకోండి. అల్సర్ పర్ఫొరేషన్లకైతే బోయీ స్కోర్ మూడే ప్రశ్నలు: షాక్‌లో వచ్చాడా, ముందే పెద్ద జబ్బుందా, చిల్లు పడి 24 గంటలు దాటిందా.

కాంప్లికేషన్లకి క్లావియన్-డిండో గ్రేడ్లు వాడండి. 2004లో సవరించిన పద్ధతి, అంతటా అదే నడుస్తోంది. దాని గొప్పతనం ఏంటంటే డాక్టర్ 'కొంచెం ఇన్ఫెక్షన్' అన్నాడా 'బాగా' అన్నాడా అన్నది అడగదు, దానికి ఏం చేయాల్సి వచ్చిందని అడుగుతుంది. మంచం దగ్గరే కుట్లు విప్పి శుభ్రం చేస్తే గ్రేడ్ 1. యాంటీబయాటిక్ మార్చినా రక్తం ఎక్కించినా 2. మళ్ళీ ఆపరేషనో, ఎండోస్కోపీయో, స్కాన్ చూస్తూ పైపు వేయడమో చేస్తే 3. అవయవం దెబ్బతిని ఐసీయూ అవసరమైతే 4, మరణం 5. ఈ పనులన్నీ కేస్ షీట్‌లో ఎక్కడో ఒకచోట ఉంటాయి కాబట్టి వెనక్కి వెళ్ళి తీయొచ్చు.

ఎక్సెల్ గురించి మూడు ముక్కలు. 'లేదు' వేరు, 'రాయలేదు' వేరు, రెండిటికీ వేరువేరు కోడ్ పెట్టండి, ఖాళీ గడి వదిలితే ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు. స్టే రోజులకి సగటు కాదు మీడియన్ (వరసలో పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) చెప్పండి, రెండు నెలలు పడుకున్న ఒక్క కాలిన కేసు సగటుని లాగేస్తుంది. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్‌లో, మిగతా డేటా ఇంకో ఫైల్‌లో, మధ్య సీరియల్ నంబర్ మాత్రమే. దయచేసి ఆ ఫైల్‌ని వాట్సాప్ గ్రూప్‌లో పడేయకండి.

ఎథిక్స్ గురించి: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో సంస్థ లోపల చేసే నాణ్యత ఆడిట్లకి రివ్యూ నుంచి మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు ఉందో లేదో తేల్చాల్సింది కమిటీ, మీరు కాదు. రేపు దీన్ని జర్నల్‌కి పంపాలన్న ఆలోచన ఏ మూలనున్నా డేటా తీయకముందే ఒక లెటర్ పెట్టండి.


ఒకటే_మాట:

ఇన్ని స్కోర్లు ఎందుకండీ. ఏడాది డేటా తీస్తారు, పేషెంట్లు లేటుగా వచ్చారు అని తేలుస్తారు, సిబ్బంది తక్కువ అని రాస్తారు, ఫైల్ మూస్తారు. మా హాస్పిటల్‌లో ప్రతి నెలా మోర్టాలిటీ మీటింగ్ ఉంటుంది, చనిపోయిన ప్రతి ఒక్కరూ 'సెప్సిస్‌తో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' వల్లే, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి గుండె, ఊపిరి ఆగి పోతారు. గుండె ఆగకుండా ఎవరైనా చచ్చారా?


యూకే_తెలుగోడు:

పైన ఆయన కోపం నిజమే, కానీ జవాబు కూడా ఆ మాటల్లోనే ఉంది. 'పేషెంట్లు లేటుగా వచ్చారు' అంటారు కదా, ఎంత లేటు? ఇంటి దగ్గర ఎంత, దారిలో ఎంత, మన గేటు దాటాక ఎంత? ఈ మూడూ విడగొడితే మాట మారిపోతుంది. నేను మన దగ్గర పీజీ చేసి ఇప్పుడు ఇంగ్లండ్‌లో సర్జరీలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇంగ్లండ్, వేల్స్ హాస్పిటళ్ళన్నిట్లో ఎమర్జెన్సీ లాపరాటమీలకి (పొట్ట తెరిచే ఆపరేషన్లకి) ఒక జాతీయ ఆడిట్ ఉంది, 'నీలా' (NELA) అంటారు, 2013 డిసెంబర్ నుంచి కేసులు ఎక్కిస్తున్నారు. అందులో అడిగేవి పెద్ద పెద్ద ప్రశ్నలేం కావు. సీటీ రిపోర్ట్ కత్తి పెట్టకముందు వచ్చిందా? ప్రాణాపాయం ఎంతో ముందే అంచనా వేసి రాశారా? చనిపోయే అవకాశం 5 శాతం దాటితే కన్సల్టెంట్ సర్జన్, కన్సల్టెంట్ మత్తు డాక్టర్ ఇద్దరూ ఓటీలో ఉన్నారా, తర్వాత ఐసీయూకి వెళ్ళాడా? ఇలాంటివి. సర్జన్ చెయ్యి మంచిదా కాదా అన్నది ఎవరూ అడగరు, పద్ధతి నడిచిందా లేదా అని అడుగుతారు. అందుకే జనం దాచకుండా ఎక్కిస్తారు.

ఇక్కడున్న హంగులు మన దగ్గర లేవు, ఒప్పుకుంటాను, నేనూ ఒకే లారింగోస్కోప్‌తో (గొంతులో పైపు వేయడానికి వాడే పరికరం) రాత్రి గడిపిన హాస్పిటల్ నుంచే వచ్చాను. కానీ టైములు రాయడానికి ఖర్చేం లేదు. నొప్పి మొదలైంది ఎప్పుడు, మొదట ఎవరికి, ఎప్పుడు చూపించారు (ఆర్‌ఎంపీ, పీహెచ్‌సీ, ప్రైవేట్), క్యాజువాలిటీకి ఎప్పుడు వచ్చాడు, సర్జరీ పీజీ ఎప్పుడు చూశాడు, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఎప్పుడు, మొదటి యాంటీబయాటిక్ ఎప్పుడు పడింది, కోత ఎప్పుడు పెట్టారు. ఈ ఏడు టైముల్లో చివరి నాలుగూ మన చేతుల్లో ఉన్నవే. తీరా చూస్తే ఎక్కువ సమయం ఓటీ ఖాళీ లేకపోవడం వల్ల పోతోందో, రక్తం కోసం బంధువులు బ్లడ్ బ్యాంక్ చుట్టూ తిరగడం వల్ల పోతోందో, క్రియాటినిన్ రిపోర్ట్ కోసం కూర్చోవడం వల్ల పోతోందో తెలుస్తుంది. ఒక్కోదానికి ఒక్కో మందు.

ఇంకొక్క విషయం. కుట్లు చీము పట్టడాన్ని వార్డు రికార్డుతో లెక్కేస్తే ఏమీ దొరకదు. సర్జికల్ సైట్ ఇన్ఫెక్షన్ అని పిలవడానికి ఆపరేషన్ నుంచి 30 రోజులు చూడాలి, మెష్ (వల) లాంటిది లోపల పెట్టిన కొన్ని ఆపరేషన్లకి లోతు ఇన్ఫెక్షన్ అయితే 90 రోజులు. మన దగ్గర కుట్లతోనే ఇంటికి పంపేస్తాం, ఊళ్ళో పీహెచ్‌సీలోనో ఆర్‌ఎంపీ దగ్గరో తీయించుకుంటారు, చీము పడితే అక్కడే పిండించుకుంటారు. అది మీ దాకా రాదు. ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.


పాతకాలపు_సర్జన్:

ఫోన్ అన్నావు కాబట్టి చెప్తున్నా, కేస్ షీట్ మీద రాసిన నంబర్ చాలాసార్లు పేషెంట్‌ది కాదు, ఆరోజు వెంట వచ్చిన బావమరిదిదో, అదీ కాకపోతే చేర్చిన అంబులెన్స్ డ్రైవర్‌దో అయి ఉంటుంది. ముందుకి వెళ్ళే కేసులకి రెండు నంబర్లు తీసుకోవాలి. ఆశా వర్కర్ నంబర్ దొరికితే అంతకంటే మంచిది లేదు.

అలాగే బయాప్సీ రిపోర్టులు. అపెండిక్స్ తీసి పంపుతాం, రిపోర్ట్ వచ్చేసరికి మనిషి ఇంట్లో ఉంటాడు, కాగితం పాథాలజీలో పడి ఉంటుంది. తీసిన అపెండిక్సుల్లో ఎన్ని నిజంగా వాచినవో, ఎన్ని మామూలువో పాథాలజీ రిజిస్టర్ చూస్తేగానీ తెలీదు. రాళ్ళున్నాయని తీసిన గాల్‌బ్లాడర్‌లో క్యాన్సర్ అని రిపోర్ట్ వచ్చి ఎవరూ చూడకపోతే ఆ పేషెంట్ గతేంటి? యూకే బాబుతో ఒక్కచోట ఒప్పుకోను. సర్జన్ చెయ్యి అసలు అడగొద్దంటే కుదరదు. పేరు తెరమీద వేయనక్కర్లేదు, హెచ్‌ఓడీ గదిలో తలుపు వేసుకుని చూపించొచ్చు. ఒకే మనిషి చేసిన పేగు అతుకులు వరసగా లీకైతే ఎవరో ఒకరు చెప్పాలిగా.


యూకే_తెలుగోడు:

చెప్పాలి సర్, కాదనను. కానీ పైన లెక్కల సర్ చెప్పినట్టు పది కేసుల్లో రెండు లీకులు చూసి చెప్తే అన్యాయం అయిపోతుంది. రెండేళ్ళ కేసులు పోగయ్యాక, తీవ్రత సరిచేశాక, అప్పుడు. పైగా ఈ పట్టిక తీసేది ఆ సర్జన్ కిందే పరీక్ష రాయబోయే పీజీ, అది కూడా ఆలోచించండి.


పాతకాలపు_సర్జన్:

అదైతే నిజమే. అమ్మాయీ/బాబూ, యూనిట్ల పట్టిక నువ్వు తీయకు. డేటా మేడమ్‌కి ఇచ్చెయ్, తీయాలనుకుంటే ఆవిడే తీస్తారు.


పీజీ_మూడో_ఏడు:

అమ్మాయినే సర్ :) అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సిస్టర్ గారి మాట పట్టుకుని నిన్న ఐసీయూ రిజిస్టర్ తెప్పించాను, మా వార్డు పుస్తకంలో ట్రాన్స్‌ఫర్ అవుట్ అని ఉన్న పేర్లు కొన్ని అక్కడ డెత్ కింద కనిపిస్తున్నాయి, అంటే మా యూనిట్‌వే కాదు, అన్ని యూనిట్లవీ. ఎమ్మెల్సీ బీరువా తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఇంకా తేలలేదు.

మేడమ్‌తో మాట్లాడాను. మొత్తం లెక్క ఒక పేజీ, ఎమర్జెన్సీ లాపరాటమీలు, హెర్నియా ముందు రోజులు, అంతవరకే. యూనిట్ల పట్టిక లేదు. ఎథిక్స్ కమిటీకి లెటర్ టైప్ చేశాను. ఒక్క డౌట్ మిగిలింది. లామా వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి ఇన్ని నెలల తర్వాత ఫోన్ చేసి 'ఆయన బతికున్నారా' అని ఎలా అడగడం? ఒకరికి చేద్దామని నంబర్ నొక్కి మళ్ళీ కట్ చేసేశాను.


వార్డ్_సిస్టర్:

అలా అడగరు మేడమ్. 'ఫలానా హాస్పిటల్ సర్జరీ వార్డు నుంచి మాట్లాడుతున్నాం, అప్పుడు మీవాళ్ళు మా దగ్గర చికిత్స తీసుకున్నారు కదా, తర్వాత ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశాం' అనండి. మిగతాది వాళ్ళే చెప్తారు. పోయారని చెప్తే వెంటనే తేదీ అడగకండి, కాస్త మాట్లాడనివ్వండి, ఏ నెలలోనో మాటల్లో వచ్చేస్తుంది. కొందరు తిడతారు, అప్పుడు పట్టించుకోలేదని, అది కూడా రాసుకోండి, ఎందుకు తీసుకెళ్ళారో అందులోనే ఉంటుంది. పేషెంట్ వివరాలు మాత్రం ఫోన్ ఎత్తినవాళ్ళెవరో తెలుసుకోకుండా చెప్పొద్దు, రొమ్ము ఆపరేషన్లు, పిల్లలు పుట్టని సమస్యలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండవు. సాయంత్రం ఆరు తర్వాత చేయండి, పొలం నుంచి, కూలి పని నుంచి ఇంటికొచ్చి ఉంటారు.


ఎస్‌పీఎం_లెక్కలు:

దీనికో చేర్పు. ఈ ఫోన్ కాల్స్ గురించి ఎథిక్స్ లెటర్‌లో తప్పకుండా రాయండి. పాత రికార్డులు చూడటం వేరు, ఇంటికి ఫోన్ చేయడం వేరు, రెండోదానికి మినహాయింపు ఇవ్వకపోవచ్చు. కమిటీ సరే అనేదాకా ఫోన్లు మొదలుపెట్టకండి, ఈలోపు రికార్డుల పని చేసుకోండి. దొరకనివాళ్ళకి ఎన్నిసార్లు ప్రయత్నించాక వదిలేయాలో కూడా ముందే రాసుకోండి. మూడు వేర్వేరు రోజులు చేసి, ఎత్తకపోతే 'తెలియదు' అని కోడ్ వేసి వదిలేయండి. టైములన్నీ 24 గంటల పద్ధతిలో ఎక్కించండి, రాత్రి 12.20ని మధ్యాహ్నంగా ఎక్కించిన షీట్ ఒకటి పోయిన నెలే సరిచేశాను.


వార్డ్_సిస్టర్:

ఎమ్మెల్సీ బీరువా తాళం సాధారణంగా ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసులో ఉంటుంది, మెడికల్ రికార్డ్స్‌లో కాదు, అక్కడ అడగండి. మీ హెచ్‌ఓడీ సంతకంతో కాగితం పట్టుకెళ్ళండి, ఊరికే వెళ్తే ఇవ్వరు. ఉదయం రౌండ్స్ టైములో వెళ్ళకండి, ఎవరూ ఉండరు.